కూల్చేదానికీ లెక్క రాసిన మనిషి: పాట్రిక్ గెడ్డెస్

1915లో తంజావూరు కోట ప్రాంతంలోని ఇరుకు సందులను వెడల్పు చేయడానికి పురపాలక ఇంజనీర్లు ఒక పథకం తయారు చేశారు. కాగితం మీద అది ముచ్చటగానే ఉంది. రూళ్లకర్ర పెట్టి గీసినట్టు నిటారు వీధులు, వాటిని అడ్డంగా కోసే మరికొన్ని వీధులు, మధ్యలో సమానమైన గడులు. ఆ గీతల కింద పడి పోయే ఇళ్లు మాత్రం పటంలో కనిపించవు. అదే సమయంలో అరవై ఏళ్ల స్కాట్లాండ్ ప్రొఫెసర్ ఒకరు ఆ పేటలో కాలినడకన తిరిగారు. సందు సందూ చూసి, పాడుబడ్డ ఇళ్లేవో, నివాసానికి పనికొచ్చేవేవో గుర్తులు పెట్టుకుని మరో పటం గీశారు. శిథిలమైన కొద్ది ఇళ్లను మాత్రమే తీసేసి, అక్కడక్కడా ఉన్న ఖాళీ జాగాలను కలిపి, మూసుకుపోయిన దారులు తెరిచి, నాలుగు చెట్లు నాటితే పేటకు గాలీ వెలుతురూ వస్తాయని ఆయన తేల్చారు. దానికయ్యే ఖర్చు ఇంజనీర్ల అంచనాలో దాదాపు ఆరో వంతేనని ఆయన లెక్క.

ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. చదివింది జీవశాస్త్రం, జీతం తీసుకున్నది వృక్షశాస్త్ర ఆచార్యుడిగా, ప్రపంచం గుర్తు పెట్టుకున్నది పట్టణ ప్రణాళికకు ఆద్యుల్లో ఒకరిగా. 1914 నుంచి 1924 వరకు ఆయన జీవితంలో ఎక్కువ కాలం భారతదేశంలోనే గడిచింది. దాదాపు 50 పట్టణాలను చూసి నివేదికలు రాశారు. ఆ నివేదికలన్నిటి వెనుకా ఉన్న ప్రశ్న ఒకటే: పేదల నివాసాలు బాగుచేయడానికి ప్రభుత్వం డబ్బు తీసినప్పుడు, మొదటి రూపాయి కూల్చడానికి పోవాలా, నిలబెట్టడానికి పోవాలా? వందేళ్లు దాటినా మన నగరాల్లో ఈ ప్రశ్న పాతబడలేదు.

శక్తి పద్దు రాసిన జీవశాస్త్రవేత్త

గెడ్డెస్ 1854 అక్టోబర్ 2న స్కాట్లాండ్‌లోని బాలటర్‌లో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేశారు. కుటుంబం పెర్త్ పట్టణం పక్కన కొండవాలులో ఒక చిన్న ఇంట్లో స్థిరపడింది. ఇంటి తోటలో తండ్రి వెంట తిరుగుతూ మొక్కలు నాటడం, కొండెక్కి కింద ఊరంతా ఒక్క చూపులో చూడడం ఆ పిల్లవాడికి అలవాటయ్యాయి. స్కూలు ముగిశాక కొంతకాలం బ్యాంకులో పనిచేశారు. తర్వాత వృక్షశాస్త్రం చదవడానికి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరి, ఎండిపోయిన నమూనాలతో పాఠం చెప్పే తీరు నచ్చక వారానికే బయటికొచ్చేశారు. 1874లో లండన్ వెళ్లి డార్విన్ సిద్ధాంతానికి గట్టి సమర్థకుడైన థామస్ హక్స్‌లీ దగ్గర చదివారు. ఆయన ఎన్నడూ డిగ్రీ తీసుకోలేదు.

1879లో పరిశోధన కోసం మెక్సికో వెళ్లినప్పుడు చూపు దెబ్బతింది. వారాల తరబడి చీకటి గదిలో ఉండాల్సి వచ్చింది. చూపు తిరిగి వచ్చింది కానీ, మైక్రోస్కోపు మీద గంటల తరబడి వంగి చేసే పనికి కళ్లు ఇక సహకరించవని తేలింది. సూక్ష్మజీవుల మీద ఉన్న దృష్టి అక్కడి నుంచి మనుషుల మీదికీ, వాళ్లు నివసించే ఊళ్ల మీదికీ మళ్లింది.

1880ల తొలి సంవత్సరాల్లో ఆయన అర్థశాస్త్రంపై కొన్ని పత్రాలు రాశారు. అర్థశాస్త్రవేత్తలు ధరలూ లాభాలూ లెక్కిస్తున్న కాలంలో, సమాజపు జమాఖర్చును పదార్థం, శక్తి అనే రెండు పద్దుల్లో రాయాలని అందులో ప్రతిపాదించారు. గనిలో బొగ్గు తవ్వేటప్పుడు కొంత పోతుంది. దాన్ని మోసుకొచ్చేటప్పుడు కొంత, కొలిమిలో మండించేటప్పుడు ఇంకొంత పోతాయి. ఇలా ప్రతి దశలోనూ నష్టాన్ని వేరే గడిలో రాస్తూ పోతే, చివరికి మనిషికి ఉపయోగపడే మిగులు ఆశ్చర్యపోయేంత కొద్దిగా ఉంటుందని ఆయన చూపారు. బొగ్గును తగలేస్తూ మురికివాడలను పెంచుతున్న పారిశ్రామిక యుగానికి ఆయన తర్వాతి రోజుల్లో పాతరాతి యుగాన్ని గుర్తుచేసే పేరు పెట్టారు. శక్తినీ నేలనూ పొదుపుగా వాడే కొత్త యుగం రావాలని ఆశించారు. నష్టానికీ ఒక గడి ఉండాలన్న ఈ పద్ధతే ముప్పై ఏళ్ల తర్వాత తంజావూరు సందుల్లో మరో రూపంలో బయటికొచ్చింది.

ఎడిన్‌బరో మురికి సందుల్లో కాపురం

1886లో గెడ్డెస్ పెళ్లి చేసుకున్నారు. భార్య అన్నా మోర్టన్ లివర్‌పూల్ వ్యాపారి కుమార్తె, సంగీత విద్వాంసురాలు, సామాజిక సేవలో ఉన్న మనిషి. కొత్త దంపతులు ఎడిన్‌బరోలోని సంపన్నుల ప్రాంతం వదిలి, పాతబస్తీలో జేమ్స్ కోర్టు అనే చోట కాపురం పెట్టారు. అప్పటికి ఆ పాతబస్తీ పరిస్థితి దారుణంగా ఉండేది. ఐదారు అంతస్తుల పాత భవనాల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం తలదాచుకునేది. 1861లో అలాంటి భవనం ఒకటి కూలి 35 మంది చనిపోయారు. ఆ ఘటన తర్వాత 1867లో నగర పాలకులు ప్రత్యేక చట్టం తెచ్చుకుని మురికి పేటలను కూల్చి వెడల్పు వీధులు వేశారు. వీధులు బాగుపడ్డాయి. ఇల్లు పోయినవాళ్లు మాత్రం పక్క సందులోకి వెళ్లి అక్కడి రద్దీని పెంచారు.

గెడ్డెస్ దంపతులు ఎంచుకున్న దారి వేరు. మొదట తాము ఉన్న మెట్లవరుసనూ వాకిలినీ కడిగి సున్నం వేశారు. కిటికీల్లో పూలతొట్లు పెట్టారు. ఇరుగుపొరుగును కూడా పనిలోకి దించారు. ఆ తర్వాత ఒక్కో శిథిల భవనాన్ని అప్పు చేసి కొని, లోపల అడ్డుగోడలు తీసి, వెలుతురు వచ్చేలా మార్చి, తక్కువ అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టారు. పేదలు ఉండే చోటికే చదువుకున్నవాళ్లనూ తీసుకురావాలని అక్కడే విద్యార్థుల వసతిగృహం తెరిచారు. దాన్ని విద్యార్థులే స్వయంగా నడుపుకునేవారు. కోట పక్కన ఆయన చొరవతో కట్టిన రామ్సే గార్డెన్ ఇళ్లు నేటికీ ఎడిన్‌బరోకి అందాన్నిస్తున్నాయి. 1892లో అక్కడికి దగ్గర్లోని ఒక పాత బురుజును తీసుకుని ఔట్‌లుక్ టవర్ అని పేరు పెట్టారు. పై అంతస్తు నుంచి నగరాన్ని చూపిస్తూ, కిందికి దిగే కొద్దీ ఆ నగరానికి దేశంతో, ప్రపంచంతో ఉన్న సంబంధాలను వివరించే ప్రదర్శనశాల అది.

ఈ పనుల్లో ఆయన చేతికి లాభం రాలేదు సరికదా అప్పులు పెరిగాయి. ఆస్తుల నిర్వహణను చివరికి 1896లో ఒక సంస్థకు అప్పగించాల్సి వచ్చింది. ఒక పేటను దాని మనుషులతో సహా బాగుచేయడం సాధ్యమేనని ఎడిన్‌బరోలో రుజువైంది. వ్యక్తుల దాతృత్వం మీద ఆ పని ఎంతో కాలం సాగదని కూడా అక్కడే రుజువైంది. ప్రజాధనం కావాలి, ఆ ధనం సరైన చోట పడాలి. ఈ అనుభవంతోనే ఆయన భారతదేశానికి వచ్చారు.

ప్లేగు, పలుగు, పార

1896లో బొంబాయిలో ప్లేగు విరుచుకుపడింది. వ్యాధికి కారణం ఇరుకు ఇళ్లూ చీకటి సందులేనని నమ్మిన ప్రభుత్వం 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేసింది. కిక్కిరిసిన పేటలను చీల్చుకుంటూ వెడల్పు రోడ్లు వేయడం దాని ప్రధాన కార్యక్రమమైంది. కూల్చిన వేగంతో ఇళ్లు కట్టడం ట్రస్టు వల్ల కాలేదు. కట్టిన కొద్ది ఇళ్లూ నిర్వాసితులకు అందుబాటులో లేవు. తర్వాత కలకత్తాలో అలాంటి ట్రస్టే వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. నగరాన్ని బాగుచేయడమంటే ముందు పలుగూ పారా తీయడమేనన్న అభిప్రాయం దేశమంతా పాతుకుపోయిన కాలమది.

అలాంటి సమయంలో మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ నుంచి గెడ్డెస్‌కు పిలుపు వచ్చింది. ప్రపంచ నగరాల పటాలు, చిత్రాలు, నమూనాలతో ఆయన ఏళ్ల తరబడి కూర్చిన ప్రదర్శనను మద్రాసుకు తేవాలన్నది ఏర్పాటు. 1914 అక్టోబర్‌లో గెడ్డెస్ ఇక్కడికి చేరుకున్నారు. ప్రదర్శన సామగ్రి మాత్రం చేరలేదు. దాన్ని మోసుకొస్తున్న క్లాన్ గ్రాంట్ అనే ఓడను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ అరేబియా సముద్రంలో ముంచేసింది. కొద్ది వారాల ముందే మద్రాసు తీరం మీద గుండ్లు కురిపించి, ఊరినంతా హడలగొట్టిన నౌకే అది. జీవితకాలపు సేకరణ సముద్రం పాలైనా గెడ్డెస్ వెనక్కి వెళ్లలేదు. బ్రిటన్‌లో ఉన్న మిత్రులు కొత్తగా పోగుచేసి పంపిన సామగ్రితో 1915 మొదట్లో మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ భవనంలో ప్రదర్శన తెరిచారు. తర్వాత ప్రెసిడెన్సీలోని పట్టణాలను చూడడానికి బయల్దేరారు. తంజావూరు, మధుర, బళ్లారి వంటి ఊళ్ల నివేదికలు ఆ పర్యటనలో పుట్టినవే.

నడక, పటం, కత్తెర

గెడ్డెస్ పద్ధతి నడకతో మొదలయ్యేది. ఊళ్లోకి వెళ్లగానే కచేరీలో కూర్చుని ఫైళ్లు తిరగేసే అలవాటు ఆయనకు లేదు. తెల్లవారకముందే లేచి సందులు పట్టుకుని తిరిగేవారు. ఏ బావి దగ్గర ఆడవాళ్లు చేరుతున్నారు, ఏ చెట్టు కింద పిల్లలు ఆడుతున్నారు, ఏ గుడి ముందు జాగా చెత్తతో నిండింది, ఏ ఇంటి కప్పు కూలింది, ఏ గోడ ఇంకా గట్టిగా ఉందన్నవి గమనించి పటంలో వేసుకునేవారు. వైద్యుడు రోగిని పరీక్షించినట్టు ఊరిని పరీక్షించాకే చికిత్స చెప్పాలన్నది ఆయన నియమం. ఆ చికిత్సకు కన్సర్వేటివ్ సర్జరీ అని పేరు పెట్టారు. కుళ్లిన భాగం వరకే కత్తి వేసి, పనిచేసే అవయవాన్ని ముట్టుకోని శస్త్రచికిత్స అని దాని భావం.

ఆచరణలో అది ఇలా ఉండేది. పేటలో మొండిగోడలతో మిగిలిన నాలుగైదు ఇళ్లను తొలగిస్తారు. ఆ జాగా చిన్న కూడలి అవుతుంది. వంకరగా ఉన్నంత మాత్రాన సందును నిటారు చేయరు. ఎక్కడ ఇరుకైందో అక్కడ ఒక మూల కోస్తారు. రెండు బండ్లు ఎదురైతే తప్పుకోవడానికి అక్కడక్కడా కాస్త వెడల్పు ఉంటే చాలునంటారు. బావిని బాగుచేస్తారు. రావిచెట్టు చుట్టూ అరుగు కడతారు. ఊరి మనుషులు ఊళ్లోనే ఉంటారు.

దీనికి పెద్ద తెలివి ఎందుకని అనిపించవచ్చు. కానీ అప్పటి ఇంజనీర్ల అంచనా పత్రాలతో పోల్చితే తేడా తెలుస్తుంది. ఆ పత్రాల్లో భూసేకరణ ఖర్చు ఉంటుంది, రోడ్డు ఖర్చు ఉంటుంది, కాలువల ఖర్చు ఉంటుంది. కూలిపోయే ఇళ్ల వల్ల పేట కోల్పోయే నివాస సామర్థ్యానికి గడి ఉండదు. గెడ్డెస్ ఆ గడిని చేర్చారు. ఒక రోడ్డు కోసం వంద ఇళ్లు తీసేస్తే, ఆ వంద కుటుంబాలూ గాలిలో కలిసిపోవు. పక్క పేటలో గదులు పంచుకుంటాయి. అక్కడ అద్దెలు పెరుగుతాయి. జనం మరింత కిక్కిరుస్తారు. ఏ రద్దీని తగ్గించడానికి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టిందో ఆ రద్దీయే మరోచోట పుడుతుంది. పారిశుద్ధ్యం పేరిట జరిగే కూల్చివేత తిరిగి అనారోగ్యాన్నే తెచ్చిపెడుతుందని ఆయన ఒక్కో ఊరి లెక్కతో వాదించారు.

చెరువుల విషయంలోనూ అదే లెక్క. మలేరియా భయంతో ఊరి చెరువులనూ కోనేళ్లనూ పూడ్చేయాలని ఆరోగ్యశాఖ అధికారులు పట్టుబట్టేవారు. చెరువును శుభ్రం చేసి, దోమల లార్వాలను తినే చేపలను వదిలితే చాలునని గెడ్డెస్ చెప్పేవారు. చెరువు వాననీటిని పట్టి ఉంచుతుంది, చుట్టుపక్కల బావులకు ఊట ఇస్తుంది, వేసవిలో పేటను చల్లబరుస్తుంది. పూడ్చడానికి డబ్బు పోసి, ఈ మేలునంతా పోగొట్టుకుని, తర్వాత వరదనీటి కాలువల కోసం మళ్లీ డబ్బు పోయడం ఏం పొదుపన్నది ఆయన వాదన. చెట్టునూ ముంగిలినీ అరుగునూ మిద్దెనూ ఆయన ఇదే చూపుతో చూశారు. యూరప్ నమూనా ఇళ్లు తెచ్చి ఈ ఎండల్లో నిలబెట్టే బదులు, ఇక్కడి మనుషులు తరాలుగా వేడిని తట్టుకున్న పద్ధతులను నేర్చుకోవాలన్నారు.

నేటి భాషలో చెప్పాలంటే ఆయన శక్తి సామర్థ్యం గురించే మాట్లాడారు. ఇప్పటికే నిలబడి ఉన్న గోడలో ఇటుక కాల్చిన కట్టె, సున్నం కాల్చిన బొగ్గు, మోసిన చేతుల శ్రమ దాగి ఉంటాయి. ఆ గోడను కూల్చితే అదంతా మట్టిలో కలుస్తుంది, కొత్త గోడకు మళ్లీ మొదటినుంచీ ఖర్చు పెట్టాలి. వాస్తుశిల్పులు ఇప్పుడు దీన్ని ఎంబాడీడ్ ఎనర్జీ అంటున్నారు. 1880ల్లో ప్రతి దశ నష్టానికీ గడి కేటాయించిన మనిషికి ఇది కొత్త విషయమేమీ కాదు.

ఇండోర్‌లో దీపావళి

1917 గెడ్డెస్ జీవితంలో అతి కఠినమైన ఏడాది. పెద్దకొడుకు అలెస్టర్ ఆ ఏప్రిల్‌లో ఫ్రాన్స్ యుద్ధభూమిలో చనిపోయాడు. అప్పటికి అన్నా భారతదేశంలోనే జబ్బుపడి ఉన్నారు. కొడుకు వార్త ఆమెకు తెలియనివ్వకుండా గెడ్డెస్ గుండెల్లోనే దాచుకున్నారు. జూన్‌లో ఆమె కూడా పోయారు. ముప్పై ఏళ్లు ప్రతి పనిలో తోడున్న మనిషి లేని ఇంట్లో ఉండలేక కాబోలు, ఆయన మరింతగా పనిలో మునిగిపోయారు. లాహోర్, ఢాకా, బలరాంపూర్, కపూర్తలా, జబల్‌పూర్ వంటి ఎన్నో ఊళ్ల నివేదికలు ఆ ఒక్క ఏడాది మీదే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే హోల్కర్ సంస్థాన రాజధాని ఇండోర్‌లో ప్లేగు తిరుగుతోంది. నగర ప్రణాళిక కోసం వచ్చిన గెడ్డెస్ వీధుల్లో తిరుగుతుంటే, ఇళ్లు కూల్చేవాడు వచ్చాడని జనం భయపడ్డారు. ఆ భయం పోగొట్టకుండా పటాలు గీసి లాభం లేదని ఆయనకు అర్థమైంది. దీపావళి ఊరేగింపును తనకు అప్పగించమని మహారాజును అడిగారు. ఊరేగింపు ఏ దారిన వెళ్తుందో ముందే చెప్పలేదు. ఏ వీధి వాళ్లు తమ ఇళ్లనూ వాకిళ్లనూ ఎక్కువగా శుభ్రం చేసి బాగుచేసుకుంటారో ఆ దారినే వెళ్తుందని చాటింపు వేయించారు. ఊరంతా చీపుళ్లూ సున్నపు కుంచెలూ పట్టింది. ఆయన జీవిత చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం ఆ కొద్ది వారాల్లో 6,000 బండ్లకు పైగా చెత్త ఊరి బయటికి పోయింది.

పండుగ నాడు రాక్షసాకారాల వెంట ప్లేగును మోసే పెద్ద ఎలుక బొమ్మ కూడా ఊరేగింది. వాటి తర్వాత ఊరిని ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు తెల్లటి బట్టల్లో, పూలదండలతో, కొత్త చీపుళ్లతో నడిచారు. లక్ష్మీదేవితో పాటు, నగరమే దేవతగా మరో రూపం రథమెక్కింది. చివరికి రాక్షసులనూ ఎలుకనూ కాల్చేశారు. జనానికి మొక్కలు పంచారు. ప్లేగు కాలం కూడా ముగియవచ్చింది. శుభ్రపడిన ఇళ్లలో ఎలుకలూ తగ్గాయి. ఇళ్లు కూల్చేవాడన్న పేరు పోయి, గెడ్డెస్ ఊరివాడైపోయారు. 1918లో ఇండోర్ దర్బారుకు ఆయన సమర్పించిన రెండు సంపుటాల నివేదిక, ఆయన భారత నివేదికలన్నిటిలో విస్తృతమైనది.

ప్రభుత్వ డబ్బు ఎంత అవసరమో, ఆ డబ్బు తాకిన చోట మనుషులు కదలడం అంతే అవసరమని ఇండోర్ చూపింది. గోడకు సున్నం ప్రభుత్వం వేస్తే ఒక వర్షాకాలం నిలుస్తుంది. ఇంటివాళ్లు వేసుకుంటే ప్రతి పండుగకూ కొత్తదవుతుంది.

నివేదికలు అల్మరాల్లో

1919లో గెడ్డెస్ బొంబాయి విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన సమాజశాస్త్ర, పౌరశాస్త్ర విభాగానికి ఆచార్యులయ్యారు. తర్వాతి రోజుల్లో భారత సమాజశాస్త్రానికి పెద్దదిక్కైన జి.ఎస్.ఘుర్యే ఆయన శిష్యులే. జగదీశ్ చంద్ర బోస్ జీవిత చరిత్రను గెడ్డెస్ 1920లో ప్రచురించారు. రవీంద్రనాథ్ టాగోర్‌తో స్నేహం కుదిరింది. చిన్నకొడుకు ఆర్థర్ శ్రీనికేతన్ గ్రామీణ పునర్నిర్మాణ కృషిలో పాలుపంచుకున్నాడు. హైదరాబాద్‌తోనూ ఆయనకు సంబంధం ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణం ఎక్కడ ఉండాలో చూడడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిచింది. అనువైన స్థలాలను పరిశీలించి 1923లో ఆయన తన అభిప్రాయాలు అందజేశారు.

ఆయన బొంబాయిలో ఉన్న కాలంలోనే అక్కడి ప్రభుత్వం కార్మికుల కోసం కాంక్రీటు చాల్‌లు కట్టడం మొదలుపెట్టింది. వరుస గదులు, మధ్యలో నడవా, చివర ఉమ్మడి మరుగుదొడ్లు. రెండు వందలకు పైగా లేచిన ఆ భవనాలు ప్రజాధనంతో కట్టిన భారీ గృహ నిర్మాణమే. మనుషులను గోదాములో సరుకులా పేర్చడాన్ని గృహ వసతి అనలేమని గెడ్డెస్ అభ్యంతరపెట్టారు. అద్దెలు కార్మికుల జీతాలకు అందకపోవడంతో చాలా గదులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. ఖర్చు పెట్టడం వేరు, పేదవాడికి ఇల్లు దొరకడం వేరని ఆ ఖాళీ గదులే చెప్పాయి.

అయినా గెడ్డెస్ నివేదికల్లో అమలైనవి కొద్దే. కారణాలు ఒకటి కాదు. ఇంజనీర్లకూ పారిశుద్ధ్య అధికారులకూ ఆయన శత్రువుగా కనిపించారు. వాళ్ల పథకాలను వాళ్ల ముందే ఏకిపారేసే నైజం ఆయనది. చిన్న చిన్న మరమ్మతుల పనికి టెండరు పిలవడం, పర్యవేక్షించడం, ప్రారంభోత్సవం చేయడం అధికార యంత్రాంగానికి రుచించవు. నిటారు రోడ్డు గొప్పగా కనిపిస్తుంది, సందు మూల కోసినట్టు ఎవరికీ కనిపించదు. మరో అడ్డంకి ఆయన రాతే. మాటల్లో మంత్రముగ్ధుల్ని చేసే మనిషి, కాగితం మీద ఒక విషయం నుంచి మరో విషయానికి దూకుతూ చదివేవాళ్లను అలసిపోయేలా చేసేవారు.

ఆయన చూపుకూ పరిమితులున్నాయి. భారతీయ పేటల పాత కట్టుబాటులో ఆయనకు సామరస్యమే ఎక్కువగా కనిపించింది. ఆ పేటలు ఎవరిని ఊరి చివరికి నెట్టాయన్న ప్రశ్న ఆయన రాతల్లో బలంగా వినిపించదు. ఇండోర్‌లో పారిశుద్ధ్య కార్మికుల మెడలో దండలు పడ్డాయి. మర్నాడు వాళ్లు తిరిగి వెళ్లింది తమ వాడకే. ఉన్నదాన్ని కాపాడదామన్నప్పుడు, ఉన్న అంటరానితనాన్ని కూడా కాపాడతామా అన్న అనుమానం దళితుల వైపు నుంచి చూస్తే న్యాయమైనదే. కన్సర్వేటివ్ సర్జరీని నేడు ఎత్తుకునే ఎవరైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకునే ముందుకు వెళ్లాలి.

ఆయన తర్వాత

1924లో ఆరోగ్యం దెబ్బతిని గెడ్డెస్ భారతదేశాన్ని విడిచారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఒక అంతర్జాతీయ విద్యాలయం స్థాపించి అక్కడే స్థిరపడ్డారు. 1925లో టెల్ అవీవ్ నగర విస్తరణకు ప్రణాళిక ఇచ్చారు. చిన్న వీధులు, ఇళ్ల మధ్య ఉమ్మడి తోటలతో కూడిన ఆ పథకం గణనీయంగా అమలైంది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. అదే ఏడాది, ఏప్రిల్ 17న, మోంపెలియేలో ఆయన కన్నుమూశారు.

అల్మరాల్లో దుమ్ము పట్టిన భారత నివేదికలను తిరిగి లోకానికి చూపినవారు జాక్వెలిన్ టిర్విట్. వాటి నుంచి ఎంచిన భాగాలను ఆమె 1947లో పుస్తకంగా తెచ్చారు. 1954 జనవరిలో ఐక్యరాజ్యసమితి న్యూఢిల్లీలో గృహ వసతిపైనా సామాజిక వికాసంపైనా సదస్సు జరిపినప్పుడు దాన్ని నడిపించింది ఆమే. చవక ఇళ్ల నమూనాలతో అప్పుడే ఢిల్లీలో పెద్ద ప్రదర్శన కూడా జరిగింది. మనుషులను కదిలించకుండా ఉన్నచోటే బస్తీని బాగుచేయాలన్న ఆలోచన తర్వాతి దశాబ్దాల్లో మన దగ్గరా పనిలోకి వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం బస్తీవాసులను భాగస్వాములను చేసి నీళ్లు, కాలువలు, బడులు, ఇళ్ల పనులు చేపట్టింది. విశాఖపట్నంలో 1980ల చివర బ్రిటిష్ సాయంతో సాగిన మురికివాడల అభివృద్ధి కూడా ఆ కోవలోనిదే. వీటిని నేరుగా గెడ్డెస్ ఖాతాలో వేయలేం. ఆయన అడిగిన ప్రశ్నకు ఇవి ఇచ్చిన జవాబులు మాత్రం ఆయనకు నచ్చేవే.

ఇప్పుడు పేదల ఇళ్ల కోసం ప్రభుత్వాలు గతంలో ఎన్నడూ లేనంత డబ్బు వెచ్చిస్తున్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పట్టణాల్లో మంజూరైన ఇళ్లలో ఎక్కువ భాగం, లబ్ధిదారులు తమ సొంత జాగాలో తామే కట్టుకునేవి. ఇళ్లలో శక్తి పొదుపు కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. పైకప్పులను చల్లగా ఉంచడానికి తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఇవన్నీ మంచి అడుగులే. కానీ ఈ నియమాల చూపంతా ప్రధానంగా కట్టబోయే ఇంటి మీద ఉంటుంది. ఇప్పటికే ఉన్న ఇంటికి కిటికీ పెట్టడానికి, కారే కప్పు బాగుచేయడానికి, సందులో చెట్టు నాటడానికి, బస్తీ పక్కన చెరువును బతికించడానికి వెళ్లే రూపాయి చాలా తక్కువ. రోడ్డు కోసమో నది ఒడ్డు సుందరీకరణ కోసమో ఇళ్లు తీసేసినప్పుడు, వాటివాళ్లు పనికి ఎన్ని కిలోమీటర్ల దూరమయ్యారో, పిల్లల బడి ఏమైందో, ఇంటి మీద ఇరవై ఏళ్లుగా పెట్టిన కష్టార్జితం ఎంతో ఏ అంచనా పత్రంలోనూ ఉండదు.

గెడ్డెస్ చేసిన పనిని పెద్ద మాటలు లేకుండా చెప్పాలంటే, ఆ పత్రంలో ఒక గడి పెంచడం. కొత్తగా ఏం వస్తుందో రాసే చోట, దేన్ని పోగొట్టుకుంటున్నామో కూడా రాయమన్నారు. రెండూ రాసి చూస్తే కొన్నిచోట్ల కూల్చక తప్పదు. తంజావూరులో ఆయన కూడా కొన్ని ఇళ్లు తీసేయమన్నారు. చాలాచోట్ల మాత్రం సున్నం, తాపీ, నాలుగు మొక్కలు, కొంత ఓపిక చాలునని తేలుతుంది. వాటి ఖరీదు ఆరో వంతే.